గని బురద కట్టలు - ప్రమాద శ్రేణులు



చెరువు కట్ట సంగతి మన గ్రామీణులకు ఒకరు చెప్పవలసిన పని లేదు. అలుగు పూడినచో నీరు కట్టపై పొర్లుననియు, ఎలుక బొరియయే గండికి దారి తీయుననియు, కట్ట దిగువన ఊరు తేటనీరు బురదనీరుగా మారినచో ప్రమాదము దాపురించినదనియు పెద్దలు ఎరుగుదురు. నేడు మేము చెప్పదలచినది గనుల వద్ద వ్యర్థపు బురదను నిలుపుటకు వేయు మట్టి కట్టలను గూర్చి.

గనిలో త్రవ్విన రాతిని మెత్తగా నూరి, లోహమును తీసికొన్న పిదప, మిగిలిన పొడిని నీటితో కలిపి గొట్టముల ద్వారా కట్ట వెనుకకు వదలుదురు. బురద నిండిన కొలదియు కట్టను పెంచుచు పోదురు. కొన్ని చోట్ల క్రొత్త వరుసను గట్టి నేలపై గాక, లోపల పేరుకొన్న బురదపైననే వేయుదురు. ఇది చౌక పద్ధతి. కాని ఇందు అపాయము ఎక్కువ. ఏటి ఒడ్డున తడి యిసుక గట్టిగా తోచును. కాలితో పదే పదే అదిమినచో పలుచనై పాదము దిగబడును. నీరు పట్టిన గని బురద కూడ ఒక్కొక్కప్పుడు అట్లే క్షణములో ద్రవమై పారును. చెరువు నీటిని తూము తెరచి వదలవచ్చును. ఈ బురదను అట్లు వదలుటకు వీలులేదు. గని మూతపడినను అది అక్కడనే యుండును.

ఇట్టి కట్టలను శ్రేణులుగా విభజించునప్పుడు రెండు ప్రశ్నలు వేయుదురు. కట్ట ఎంత దృఢముగా నున్నది? ఇది మొదటిది. తెగినచో ఎవరికి ఎంత నష్టము? ఇది రెండవది. ఈ రెంటిని ఒకటిగా భావించరాదు. రెండవ లెక్కలో పై శ్రేణి యిచ్చినంత మాత్రమున కట్ట నేడో రేపో తెగునని అర్థము కాదు. అట్లే, మొదటి లెక్కలో కట్ట మంచిదని వ్రాసినంత మాత్రమున దిగువవారు నిశ్చింతగా నుండవచ్చుననియు కాదు.

2020 ఆగస్టులో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణము నష్టమును బట్టి అయిదు శ్రేణులను నిర్ణయించినది. బురద పారు దారిలో మనుష్యులెవరును లేనిచో మొదటి శ్రేణి. పదిమంది వరకు ఉన్నచో రెండవది. నూరుమంది వరకు మూడవది. వేయిమంది వరకు నాలుగవది. అంతకు మించినచో అయిదవది. పర్యావరణమునకు, జీవనోపాధికి కలుగు నష్టమును కూడ పరిగణింతురు.

కట్ట పరిమాణమును చూచి ప్రాణాపాయమును అంచనా వేయరాదు. ఇటలీలోని స్టావా లోయలో 1985 జూలై 19న ఒక గని బురద కట్ట తెగి, దాని క్రింద నున్న రెండవ కట్టను కూడ తెంచినది. పారిన బురద సుమారు 1 లక్షా 80 వేల ఘనపు మీటర్లు మాత్రమే. లోయలో ఇండ్లు, హోటళ్లు ఉన్నందున 268 మంది మరణించిరి. బ్రెజిల్ దేశమునందు 2015 నవంబరు 5న ఫుండావ్ కట్ట తెగినప్పుడు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ బురద పారినది. మృతులు 19 మంది. అక్కడ గ్రామములు పూడిపోయినవి, బురద నది వెంబడి సముద్రము వరకు పోయినది. అయినను ప్రాణనష్టము స్టావాలోనే అధికము. దిగువన ఎవరున్నారు, ఎంత దగ్గర నున్నారు, తప్పించుకొనుటకు వ్యవధి యున్నదా అనునవే ప్రాణములను నిర్ణయించును.

మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును గ్రుడ్డిగా నమ్మరాదనుటకు బ్రుమాడిన్యో సాక్షి. ఇదియు బ్రెజిల్‌లోనిదే. 86 మీటర్ల ఎత్తు గల ఆ ఇనుప గని కట్టను 1976 నుండి బురదపైననే వరుసలుగా పెంచిరి. ప్రభుత్వ జాబితాలో అది కూలు అపాయము తక్కువ, కూలినచో నష్టము ఎక్కువ అను వర్గములో నుండెను. 2018లో అది స్థిరముగా నున్నదని ధ్రువపత్రము కూడ లభించినది. 2019 జనవరి 25న మధ్యాహ్న భోజన వేళ అది కూలినది. గని భోజనశాల, కార్యాలయము కట్టకు దిగువనే యున్నవి. హెచ్చరిక సైరన్లు మ్రోగలేదు. 270 మంది చనిపోయిరి. కట్ట నిట్రముగా నుండుట, లోపల నీటి మట్టము హెచ్చుగా నుండుట మొదలగునవి కారణములనియు, కూలుటకు ముందు పైకి కనబడు సూచనలు లేకుండెననియు నిపుణుల సంఘము తెలిపినది. పిదప ఈ విధముగా కట్టలు పెంచుటను ఆ దేశము నిషేధించినది.

నష్టపు శ్రేణి ఒకసారి వ్రాసి ఊరకుండదగినది కాదు. కట్ట మారకున్నను దిగువన పది ఇండ్లు వెలసినచో శ్రేణి మారును. మన తెలుగు రాష్ట్రములలో కూడ తుమ్మలపల్లె యురేనియము కర్మాగారమునకు బురద చెరువు, బొగ్గు విద్యుత్కేంద్రములకు బూడిద చెరువులు కలవు. అట్టి తావుల దాపున నివసించువారు అధికారులను ఈ సంగతులు అడిగి తెలిసికొనవలెను: కట్ట తెగినచో బురద ఏ దారిన, ఎంతసేపటికి మన ఊరు చేరును? ఆ పటము పంచాయతీ కార్యాలయములో ఉన్నదా? లోపలి నీటి మట్టమును ఎవరు, ఎన్నాళ్లకొకసారి కొలుచుచున్నారు? హెచ్చరిక ఏ రూపమున వచ్చును? ఏ మిట్టకు పోవలెను? ఆ దారిని పిల్లలకు, వృద్ధులకు ఒకసారియైనను నడిపించి చూపితిరా?

బురద పారు దారిలో క్రొత్తగా ఇల్లు గాని, బడి గాని, కూలీల వంటశాల గాని కట్టకుండ చూచుట పంచాయతీల చేతిలోని పని. కట్టను కాచుట ఇంజనీర్ల బాధ్యత. దాని నీడన జనము చేరకుండ చూచుట మనందరి బాధ్యత.