వామన వృక్షమునకు మరల రూపు దిద్దుట



జపాను దేశీయులు పళ్లెరములలో పెంచు వామన వృక్షములను, అనగా బోన్సాయ్ చెట్లను గూర్చి రెండు మాటలు మనవి చేసెదను. శిల్పి చెక్కిన శిల అట్లే నిలుచును; చెట్టు పెరుగుచునే యుండును. కావున చేయి తిరిగినకొలదియు తోటమాలి తన పాత చెట్టునే మరల దిద్దవలసి వచ్చును.

అమెరికాలో జన్మించిన జపాను సంతతివారు జాన్ నాకా 1948లో రెండు జూనిపరు మొక్కలను చేపట్టి, ఏండ్ల తరబడి వేర్వేరుగ తీర్చిరి. ఒక్కొక్కటియు చూడచక్కని చెట్టే. అయినను 1964లో వానిని మరికొన్నిటితో చేర్చి, ఒకే పళ్లెరమున చిన్న వనముగా నాటిరి. చిక్కంతయు ఇక్కడనే యున్నది. ఒంటిచెట్టునకు నలువైపుల కొమ్మలు శోభ. గుంపులోనో, లోవైపు కొమ్మలకు వెలుతురు చాలదు, తీసివేయవలెను. తీగ చుట్టి, ఓపికతో వంచి పెంచిన కొమ్మను తన చేతితోనే కోయుట సులభమా? మన వేప నరికినను చిగుర్చును. ఆకంతయు పోయిన జూనిపరు కొమ్మ మాత్రము ఎండిపోవును.

మనుమలు, మనుమరాండ్రు పెరిగినకొలది ఆయన చెట్లను పెంచి, 1973 నాటికి 11 చేసిరి. ఆ వనమునకు 'గోషిన్' అని పేరు. 1984లో దానిని దానమొసగగా వాషింగ్టను నగరమునందలి జాతీయ వృక్షవనమునకు చేరినది. 2004లో నాకా కాలధర్మము నొందిరి. చెట్లకు కత్తిరింపు మాత్రము ఆగలేదు.