భూమి కాగితములలోని మాటలు
(జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల సంఘ వార్షిక మహాసభయందు చేయఁబడిన యుపన్యాసము)



మనలో పలువురకు భూమి కలదు. ఆ భూమి కాగితమును చదువుట కొలఁదిమందికే తెలియును. అది వారి దోషము కాదు. నిజాము రాజ్యమున రెవెన్యూ లెక్కలు మొదట పారసీకమునను, పిదప ఉర్దూలోను వ్రాయఁబడెను. రాజ్యము పోయినను మాటలు పోలేదు. అందు ముఖ్యమైన కొన్నింటికి అర్థము చెప్పెదను.

కౌలు అనఁగా అరబ్బీలో మాట. మాట యిచ్చిపుచ్చుకొని చేయు సాగు గనుక ఆ పేరు కలిగెను. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పోరాడినది ఈ కౌలు సాగు కొఱకే. పట్టా ఆమె పేర లేదు. మల్లంపల్లి మక్తేదారుల యొద్ద కౌలునకు పుచ్చుకొనెను. విసునూరు దేశముఖు మనుష్యులు పంట కోసికొనిపోఁజూడఁగా ఆమె విడువలేదు. 1950 నాఁటి హైదరాబాదు కౌలుదారీ చట్టము అట్టివారిలోఁ గొందఱను 'రక్షిత కౌలుదారు'లనెను. మీ తాతల పేర 38-ఇ ధ్రువపత్ర ముండినయెడల పాతకాగితమని పాఱవేయకుఁడు. అది యాజమాన్య పత్రము.

షికమ్ అనఁగా పారసీకమున కడుపు. ఒకరి పట్టా కడుపులో నున్న మఱియొకరి హక్కు షిక్మీ. చెరువు శిఖము కూడ ఆ మాటయే! మనవారు శిఖర మనుకొందురు గాని అది చెరువు కడుపు, నీరు నిలుచు తావు. కాకతీయుల నాఁటి గణపురము చెరువు మొదలు మన యూరి కుంట వఱకు శిఖము వేసవిలో పొలమువలెనే కనఁబడును. చూచి బయానా ఇయ్యకుఁడు. పట్టా కలిగిన శిఖమును కొన్నిచోట్ల కలదు. నీరు తీసినపుడు సాగుచేసికొనవచ్చును గాని యిల్లు కట్టరాదు.

ఫౌతి మరణము, విరాసత్ వారసత్వము. తండ్రి పోయినపిదప పేరు మార్పించుకొనుట యిదియే. లావుణి పట్టా సర్కారు ఇచ్చిన భూమికి సంబంధించినది. నిరుపేదలకు అసైను చేసిన భూముల విక్రయమును 1977 నాఁటి చట్టము నిషేధించినది.

ఇఁక మనవారిని మిక్కిలి బాధించునది సాదా బైనామా. బై అనఁగా అమ్మకము, నామా అనఁగా వ్రాఁత, సాదా అనఁగా రిజిస్ట్రీ లేని ఉత్త కాగితము. సొమ్మిచ్చి, పెద్దమనుష్యుల యెదుట వ్రాయించుకొని, ముప్పదియేండ్లు దున్నినవారి పేర పట్టా లేదు. పూర్వము పహాణీలో అనుభవదారు గడి యుండెడిది. దున్నువాని పేరు అందుఁ గనఁబడెడిది. 2020లో వచ్చిన ధరణిలో ఆ గడి లేకపోయెను. అమ్మినవాని కుమారుఁడు అదే భూమిని మరల అమ్మిన, కొన్నవాఁడు కోర్టుమెట్లు ఎక్కవలసినదే. 2020 అక్టోబరు, నవంబరు మాసములలో దరఖాస్తు పెట్టినవారి సంగతి విచారించుటకు 2025 నాఁటి భూభారతి చట్టము వీలు కల్పించినది. కొత్తగూడ, గంగారము వంటి ఏజెన్సీ ప్రాంతములలో మాత్రము గిరిజనేతరులు ఇట్టి కాగితమును నమ్మరాదు. 1970 నాఁటి ఒకటవ నిబంధన ప్రకారము అక్కడ వారికి భూమి బదలాయింపు చెల్లదు.

సభానంతరము పందిటిలో కాగితములు చూచి అర్థము చెప్పుదుము. నకళ్లు కొనిరండు, అసలు ఇంటనే యుంచుఁడు.