తన పుస్తకమును తానే అచ్చు వేయించుకొన్న నవలాకారుడు



కొంతకాలము క్రిందట మేము శబ్దగ్రహణ యంత్రమును వెంటబెట్టుకొని, నెల్లూరికి తూర్పున మైపాడు దాపున నున్న యొక పట్టపువారి పల్లెకు పోయితిమి. వలలు ఆరబెట్టిన ఇసుకమీద కూర్చుండి ఒక వృద్ధురాలు ప్రొద్దుగుంకు వరకు కథలు చెప్పినది. మేము లేచునప్పుడు ఆమె, "ఇయ్యన్నీ మా జేజి చెప్పిన కతలు నాయనా. అచ్చు పుస్తకాలకి పనికొస్తాయా?" అని అడిగినది. "రాకేమి?" అని అంటిమి గాని, తిరిగివచ్చు త్రోవలో ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. డెన్మార్కు దేశమున ఒక చెప్పులు కుట్టువాని కొడుకును ఇదే ప్రశ్న పదునేడవ ఏటినుండి ముప్పదవ ఏటివరకు వేధించినది. అతడే హాన్స్ క్రిస్టియన్ అండర్సన్. లోకము అతనిని పిల్లల కథకుడుగా ఎరుగును. అతడు ఆరు నవలలు వ్రాసినవాడనియు, మొదట తన పుస్తకమును తన ఖర్చుమీదనే అచ్చు వేయించుకొన్నవాడనియు ఎరిగినవారు తక్కువ.

డెన్మార్కు మన తీరమునకు బొత్తిగా ముక్కు మొగము తెలియని దేశము కాదు. ఇదే సముద్రపు టొడ్డున, దక్షిణమునందలి తరంగంబాడిలో, 1620 మొదలు 1845 వరకు డేనులకు కోట యుండెను. డేనిషు రాజు పోషణలో నచ్చటికి వచ్చిన మతబోధకులలో బెంజమిన్ షూల్జ్ అను నాతడు తెలుగు నేర్చి, 1746లో జర్మనీయందలి హాలే నగరమున మన అక్షరములతో పుస్తకములు అచ్చొత్తించెను.

అండర్సన్ 1805 ఏప్రిల్ 2వ తేదీన ఓడెన్స్ పట్టణమున జన్మించెను. తండ్రి చెప్పులు కుట్టుచు, రాత్రులందు కొడుకునకు అరేబియా రాత్రుల కథలు చదివి వినిపించువాడు, 1816లో మరణించెను. తల్లి పరుల బట్టలుతికి జీవించునది; ఆమెకు చదువు అంతంతమాత్రము. నాయనమ్మ ఆ ఊరి పిచ్చాసుపత్రి తోటలో పని చేసెడిది. ఆమె వెంట పోయిన బాలుడు, అచ్చట రాట్నములు త్రిప్పు బీద ముసలమ్మల గదిలో దూరి, తలుపుమీద సుద్దముక్కతో మనుష్యుని గుండెకాయ, ఊపిరితిత్తులు, ప్రేగులు గీచి, వాని పని యేమో గంభీరముగా బోధించువాడట! వారు ఆ పాండిత్యమునకు మెచ్చి, బదులుగా తమ కెరుకయైన దయ్యముల కథలు, రాకుమార్తెల కథలు చెప్పువారు. ఇంత చౌకగా ఇంత ధనము సంపాదించిన రచయిత మరియొకడు లేడని మా నమ్మకము.

పదునాలుగవ యేట, 1819లో, అతడు ఒంటరిగా కోపెన్‌హాగెన్ చేరెను. నాటకశాలలో పాటగాడు కాదలచెను, గొంతు మారిపోయినది. 1822లో తన మొదటి పుస్తకమును అచ్చునకెక్కించెను. దానిమీద తన పేరు వేసికొనలేదు. షేక్‌స్పియరునుండి విలియమ్‌ను, వాల్టర్ స్కాట్‌నుండి వాల్టర్‌ను ఎరువు తెచ్చుకొని, నడుమ తన క్రిస్టియన్‌ను ఇరికించెను. అందు తన ద్వీపమునందలి పురాణవీరుడు పాల్నటోకే సమాధికడ సంచరించు దయ్యమును గూర్చిన కథ యొకటి కలదు. సరుకు ఇంటిదే, వేషము మాత్రము పరాయిది. ఆ పుస్తకమును కొన్నవారు బహు స్వల్పము.

పిమ్మట దయగల పెద్దలు అతనిని బడికి పంపిరి. చదువు ముగించి 1829 జనవరిలో రెండవ సాహసము చేసెను. కోపెన్‌హాగెన్‌లోని ఒక కాలువనుండి ప్రక్కనున్న ఆమగర్ ద్వీపపు తూర్పు కొనవరకు 1828, 1829 సంవత్సరములలో చేసిన పాదయాత్ర అని దాని పేరు. రెండు సంవత్సరముల యాత్ర యని పాఠకుడు అదరిపడును. తీరా చూడగా అది డిసెంబరు 31వ తేదీ రాత్రి నడక. ప్రకాశకుడు మరీ తక్కువ సొమ్ము ఇవ్వజూపగా, అండర్సన్ స్వంత ఖర్చుతో 500 ప్రతులు అచ్చు వేయించెను. అవి చెల్లిపోయినవి. వెంటనే రైట్సెల్ అను ప్రకాశకుడు రెండవ కూర్పు హక్కు కొనెను. మన దేశమున స్వంత సొమ్ముతో పుస్తకము వేసి, కట్టలు అటకమీద పెట్టుకొని, వచ్చిన చుట్టమునకెల్ల ఒక ప్రతి కానుక ఇచ్చుకొను రచయితలు ఈ వార్త విని నిట్టూర్చకుందురా?

ఐనను ముసలమ్మల కథల మాట తేలలేదు. 1830లో తన కవితల సంపుటి చివర, చిన్ననాడు తాను విన్న జానపద కథ నొకదానిని వచనమున చేర్చి, ఇది మెచ్చుకొన్నచో డేనిషు కథల నింకను చెప్పెదనని వ్రాసెను. కాని దానిని చెప్పిన తీరు జర్మను పండితుల ఫక్కి: ఉపమానములు, చమత్కారములు, పుస్తకపు సొగసులు. ఎవరును మరి చెప్పుమని కోరలేదు.

1835లో ఇటలీ నేపథ్యముగా వ్రాసిన 'ఇంప్రొవిజాటోరెన్' నవల వెలువడెను. రోమునగరమున పేదవాడుగా పెరిగి ఆశుకవియైన అంటోనియో కథ యది. రచయిత బ్రదుకునే అద్దమున చూచినట్లుండును. ఆ యేడే దానికి జర్మను అనువాదము వచ్చెను. నవల పేరు తెచ్చిన కొద్ది వారములకే, మే 8వ తేదీన, నాలుగు కథల సన్నని పుస్తకము నొకదానిని విడుదల చేసెను. అందు మూడు చిన్ననాడు విన్నవే. ఈసారి అతడు వానిని పిల్లవానికి ఎదుట కూర్చుండి చెప్పినట్లే వ్రాసెను. తెగిన వాక్యములు, నోటి మాటలు. డిసెంబరులో వచ్చిన రెండవ భాగమున 1830 నాటి ఆ పాత కథనే మరల చెప్పెను. సొగసులన్నియు తీసివేయగా మిగిలినది 'రైసెకామరాటెన్', అనగా తోడి బాటసారి. నేటికిని పిల్లలు వినుచున్నది ఈ రెండవ కథనే.

విమర్శకులు మండిపడిరి. నోటిమాట వ్రాతకు తగదనిరి. నిద్రించు రాకుమారిని సిపాయి ముద్దాడుట పిల్లలు చదువదగినదా యనిరి. గిడుగు రామమూర్తిగారి నాటి వాదములు విన్న మనకు ఈ పాట క్రొత్త కాదు. (ఈ మాటను మేము గ్రాంథికమున చదువుచుండుట శ్రోతలకు నవ్వు పుట్టించినచో అది న్యాయమే.) స్నేహితుడైన శాస్త్రజ్ఞుడు ఎర్‌స్టెడ్ మాత్రము, నవల నీకు కీర్తి తెచ్చును, ఈ కథలు నిన్ను చిరంజీవిని చేయునని చెప్పెనట. అండర్సన్ నమ్మలేదు, మరి అయిదు నవలలు వ్రాసెను. వానిలో నొకదానిని ఖండించుటకే యువకుడు కీర్కెగార్డ్ 1838లో తన మొదటి పుస్తకమును వ్రాసెను.

అతడు ఊరు విడుచునప్పుడు, ఒకనాడు ఓడెన్స్ ఇతనికొరకు దీపములు వెలిగించునని సోదె చెప్పునామె తల్లికి చెప్పెనట. 1867 డిసెంబరు 6వ తేదీన ఓడెన్స్ అతనిని గౌరవ పౌరునిగా చేసికొని, రాత్రి ఊరంతయు దీపములు పెట్టెను. కాగడాలతో జనము వచ్చి కిటికీ క్రింద పాడిరి. ఆ సోదె విన్న తల్లి ముప్పదినాలుగేండ్ల క్రిందటనే గతించినది. అరువది రెండేండ్ల అండర్సన్ కిటికీకడ నిలిచి, చలిగాలి తగిలి భరింపరాని పంటినొప్పితో, ఆ పాట ఇంకను ఎన్ని చరణములున్నదో లెక్కించుకొనుచుండెను.