రోజీ కథలో కెమెరా ఎవరి వెంట పోయింది?



గోదావరిఖని దాకా వచ్చి సినిమా ముచ్చటేంది అనుకుంటున్నరా? ఫస్ట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చినోళ్లు కూడా ఉన్నరు, ఎక్కువసేపు కూర్చోబెట్టను. కానీ ఇది మన ముచ్చటే.

2013లో మలయాళంలో ‘సెల్యులాయిడ్’ అనే సినిమా వచ్చింది. కమల్ తీసిండు. మలయాళంలో మొదటి మూకీ సినిమా ‘విగతకుమారన్’ తీసిన జె.సి. డేనియల్ జీవితకథ అది. ఆ మూకీలో హీరోయిన్ పి.కె. రోజీ. పులయ కులపు బిడ్డ, కూలి చేసుకుంట నాటకాలాడేది. ఆమెకిచ్చిన వేషం నాయర్ల ఇంటి ఆడపిల్లది.

1928-30 నాటి మాట. తిరువనంతపురంలో బొమ్మ పడ్డది. దళిత పిల్ల మా ఇంటి ఆడపిల్లగా కనబడుడేంది అని పెద్దకులపోళ్లు తెర మీదికి రాళ్లు విసిరిండ్రు. ఆమె గుడిసె కాలబెట్టిండ్రు. రోజీ ఊరిడిచి తమిళ దేశం దిక్కు పోయింది. అక్కడ ఒక లారీ డ్రైవర్‌ను పెండ్లి చేసుకుని, రాజమ్మాళ్ అనే పేరుతో బతికిందని చెప్తరు. మళ్లా కెమెరా ముందుకు రాలేదు. ఆ సినిమా ప్రింటు కూడా మిగల్లేదు.

‘సెల్యులాయిడ్’ ఇవన్నీ దాచలేదు. ఆ మాట ఒప్పుకోవాలె. రోజీని జనం యాదికి తెచ్చిందే ఆ సినిమా. అయితే కథ డేనియల్‌ది. రోజీ పారిపోయినంక కెమెరా ఆయన వెంటనే పోతది. ఆయన అప్పులు, ఆయన ముసలితనం, ఆయనకు దక్కని పేరు. ఆయన పేరు మీద కేరళ సర్కారు 1992 నుంచి అవార్డు ఇస్తున్నది. రాజమ్మాళ్‌గా బతికిన అన్నేండ్లు రోజీ ఏం తిన్నది, ఎవరికి భయపడ్డది, సొంత పిల్లలకు తన కథ చెప్పుకున్నదా? అక్కడికి కెమెరా పోలేదు. ఆమె బాధ ఇంకొకరి జీవితంలో ఒక సీనైంది.

ఇగ మన దగ్గరికి వద్దాం. 2022లో ‘ఆర్ఆర్ఆర్’ వస్తే హాల్లో మనం కూడా ఈలలేసినం. నేను కూడా వేసిన, అబద్ధమెందుకు? అది కల్పిత కథ అని వాళ్లే చెప్పిండ్రు, సరే. కానీ చివర చూడుండ్రి. ఏం కావాలె అని రాముడు అడుగుతడు, భీముడు చదువు కావాలంటడు. జల్ జంగల్ జమీన్ అని జెండా మీద రాసేది రాముడు! ఆ నినాదం ఎవరిది? అస్సాం తేయాకు తోటల దాకా తిరిగి, చదువు రాత నేర్చుకుని వచ్చిండని మన ముసలోళ్లు చెప్పే కొమురం భీముడిది. 1940లో జోడేఘాట్‌లో పాణమిచ్చింది ఆయన.

రోజీ కథ డేనియల్ సినిమాలకు పోయింది, భీముడి అక్షరాలు రాముడి చేతిలకు పోయినయ్. వేషం ఎవరు కట్టిండ్రన్నది ఒక్కటే నేను అడుగుతలేను. కథ ఎవరి ఇంట్ల మొదలైతది, ఎవరి ఇంట్ల ఆగుతది, అది సుత అడుగుతున్న.

రేపు ఎవరన్న బొగ్గు బాయిల మీద పెద్ద సినిమా తీస్తే లీడర్ ఉంటడు, ఆఫీసర్ ఉంటడు. ఓపెన్ కాస్ట్ కింద చేను పోయిన అవ్వ రెండు నిమిషాలు ఏడ్చి పోతది.

మీ అందరి చేతుల్ల ఫోన్లున్నయ్. మీ ఊర్లె అట్లాంటి అవ్వ ఉంటే పోయి కూసోండ్రి. ముందు పేరు అడుగుండ్రి. రేషన్ కార్డు మీద ఉన్న పేరు కాదు, వాళ్లమ్మ పిలిచిన పేరు. చేను పోయిన రోజు గురించి తర్వాత అడగొచ్చు. చేను పోయిన మర్నాడు పొద్దుగాల లేచి ఎటు పోయిందో అది మాత్రం తప్పక అడుగుండ్రి.