అద్దె ఇల్లు కూడా హక్కే
(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి గురించి మాట్లాడినప్పుడల్లా మనం పట్టా గురించే మాట్లాడాం. ఇల్లు ఆడవాళ్ల పేరున ఉండాలని పోరాడాం. ఆ పోరాటం వృథా పోలేదు. ఇవాళ ప్రభుత్వ ఇళ్ల పథకాల్లో స్త్రీ పేరు ఉంటోంది. అయితే ఆ ఇల్లు చేతికొచ్చేదాకా ఆమె ఎక్కడ ఉండాలి? ఈ ప్రశ్న మనం గట్టిగా వేయలేదు.

2005 గృహహింస చట్టం చూడండి. భార్యకు అదే స్థాయి నివాసం చూపించమని, లేదా దానికి అద్దె కట్టమని భర్తను ఆదేశించే అధికారాన్ని 19వ సెక్షన్ మేజిస్ట్రేటుకిచ్చింది. ఉత్తర్వు వస్తుంది. ఆ కాగితం పట్టుకుని టులెట్ బోర్డున్న గుమ్మం ఎక్కితే మొదటి ప్రశ్న, "మీవారు ఏం చేస్తుంటారు?" రెండోది కులం. డాక్టరేట్ ఉన్న నన్నే ఒంటరిదాన్నని నాలుగిళ్ల వాళ్లు వెనక్కి పంపారు. ఇళ్లలో పనిచేసే దళిత స్త్రీ, ముస్లిం స్త్రీ పరిస్థితి ఏమిటి? ఇల్లు దొరక్క కొట్టే మొగుడి దగ్గరికే తిరిగి వెళ్లినవాళ్లు మనందరికీ తెలుసు. మన రిజిస్టర్లలో దాన్ని 'రాజీ' అని రాసుకున్నాం.

2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణ కుటుంబాల్లో నాలుగో వంతుకు పైగా అద్దె ఇళ్లలోనే ఉన్నాయి. అదే లెక్కల్లో పట్టణాల్లో కోటికి పైగా ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. అంటే కొరత ఇటుకల్లో లేదు, పంపకంలో ఉంది.

ప్రభుత్వం అద్దె ఇళ్ల మీద డబ్బు పెడితే లాభం ఒక్క కుటుంబానికే కాదు. ఓనరు అద్దె పెంచినప్పుడల్లా బస్తీ మారే తల్లి, పనికి కుదిరిన ఇళ్లను పోగొట్టుకుంటుంది. పిల్ల బడి మారుతుంది, ఆపైన మానేస్తుంది. అంగన్‌వాడీ, పొదుపు సంఘం, అర్ధరాత్రి తలుపు తట్టగలిగే పొరుగింటామె, అన్నీ పోతాయి. సంఘం కట్టాలంటే మనుషులు ఒకచోట కొన్నేళ్లు ఉండాలి కదా! స్థిరమైన అద్దె ఆ పునాది వేస్తుంది.

అయితే ఇల్లు ఎక్కడ ఉందన్నది ముఖ్యం. 2023లో కొల్లూరులో ప్రారంభించిన డబుల్ బెడ్‌రూం ఇళ్లు పదిహేను వేలకు పైనే. కట్టడం మంచిదే. కానీ కొల్లూరు ఊరి చివర. పాతబస్తీలో నాలుగిళ్లలో పనిచేసే ఆమెకు బస్సు ఛార్జీలూ, ప్రయాణానికి పోయే గంటలూ అద్దెలాంటివే.

లాక్‌డౌన్‌లో వలస కూలీలు నడిచి వెళ్లాక, 2020లో కేంద్రం అద్దె గృహ సముదాయాల పథకం తెచ్చింది. ఖాళీగా పడి ఉన్న ప్రభుత్వ ఇళ్లను అద్దెకివ్వడం అందులో ఒక మార్గం. చండీగఢ్, సూరత్ లాంటి కొన్నిచోట్ల ఇచ్చారు. 2024లో మొదలైన రెండో విడత పట్టణ ఆవాస్ యోజనలోనూ అద్దె ఇళ్లు ఒక భాగం. 2021 నమూనా అద్దె చట్టం నివాసాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదంది. కానీ అది నమూనా మాత్రమే, అమలు కావాలంటే రాష్ట్రాలు చట్టం చేయాలి.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. ప్రభుత్వ అద్దె ఇళ్లలో ఒంటరి స్త్రీలకు వాటా కావాలి. అవి పనిచోటుకు దగ్గరగా ఉండాలి. కేటాయింపు కమిటీల్లో బస్తీ స్త్రీలు కూర్చోవాలి. దరఖాస్తులో భర్త పేరు గడి ఉండకూడదు.

పట్టా కోసం పోరాటం మానమని నేననడం లేదు. ఈ రాత్రి బయటికొచ్చిన స్త్రీకి, రేపు పొద్దున తాళం వేసుకోవడానికి ఒక గది కావాలంటున్నాను.