నేల యిచ్చిన నాణెము



నాగటిచాలులో నాణెము దొరకగానే దానిని చింతపండుతో తోమి కంసాలికి చూపుట పరిపాటి. కంసాలి త్రాసు లోహమునే తూచగలదు. తరము నిర్ణయించువారు అరుగుదలను, అక్షరముల స్పష్టతను, అరుదుదనమును, రాగిపై కాలము పూసిన రంగును చూచెదరు. తోమినచో ఆ రంగు మరల రాదు.

1898లో పుదుక్కోట సంస్థానమున 501 రోమను బంగారు నాణెములు బయల్పడినవి. పెక్కింటిపై చక్రవర్తి ముఖమునకు అడ్డముగా ఉలిగాటున్నది. అంగడికి అది లోపము, చరిత్రకు సాక్ష్యము. అరిగిన నాణెము తిరిగి చెలామణి కాకుండ నాటివారు పెట్టిన గుర్తని పండితుల ఊహ. కరగించియున్నచో ఆ సాక్ష్యము నశించెడిది.

తమిళనాట అమలులోనున్న 1878 నాటి చట్టము ప్రకారము, పది రూపాయల విలువ మించిన నిక్షేపము దొరికినవారు కలెక్టరుకు తెలుపవలెను. దాచినవారు తమ భాగమునే కోల్పోవుదురు.

పిల్లలకు ఈ రెండు మాటలు నేర్పుడు: దొరికినదానిని తోమవద్దు, దొరికిన చోటును మరువవద్దు.