సంగీతాభ్యాసమున నూతన సాధనములు

సంగీతము గురుముఖమున నేర్వవలసిన విద్య యని పెద్దలందురు. మరి గురువు చేరువలో లేనివారి మాట యేమి? సూర్యాపేట జిల్లాలోని పెన్‌పహాడ్ వంటి యూరిలో ఒక బాలికకు చక్కని కంఠమున్నదనుకొందము. హైదరాబాదులో 1952లో వెలసిన త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు పోవలెనన్న నూరు కిలోమీటర్లకు మించిన ప్రయాణము. సూర్యాపేటలోనో, మిర్యాలగూడలోనో ఉపాధ్యాయుడు దొరకినను, దినదినము బస్సెక్కించి పంపుటకు తలిదండ్రులకు తీరిక చాలదు. నాట్ల కాలమున అసలే యుండదు. ఆ బాలిక చేతికందునది ఇంటిలోని సెల్‌ఫోను. దానితో సంగీతము అబ్బునా?

ఇట్టి ప్రశ్న రేడియోకు క్రొత్తది కాదు. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరులో ప్రారంభమైనది. ఆ కేంద్రమున వోలేటి వెంకటేశ్వర్లుగారు నిర్వహించిన సంగీత శిక్షణ పాఠములను ఎందరో తమ యిండ్ల నుండియే విని నేర్చిరి. గురువు ఒక సంగతి పాడును. శిష్యులు తిరిగి పాడుదురు. శ్రోతకు గురువు పాట ఎంత పాఠమో, శిష్యుల ప్రయత్నమును అంత పాఠమే. కాని రేడియోకు ఒక హద్దు కలదు. గురువు గొంతు గ్రామమునకు వచ్చును. గ్రామములోని పిల్ల గొంతు గురువునకు చేరదు. ఆమె రిషభము తగ్గినదని చెప్పువారుండరు.

డిజిటల్ సాధనముల అసలు మేలు ఇచ్చటనే కలదు. వేలకొలది కీర్తనలు ఫోనులో దొరకునని మనము మురియుచున్నాము. వినిపించుట గ్రామఫోనును, రేడియోయు ముందే చేసిన పని. తాను పాడినదానిని తాను వినుట, గురువునకు వినిపించుట అనునవి పల్లెటి విద్యార్థికి ఇప్పుడు సులభమైనవి. పాడునప్పుడు మన చెవి మనలను క్షమించును. రికార్డు చేసి మరునాడు వినినచో ఆ దాక్షిణ్యముండదు. సరళీ వరుసలో ఎక్కడ పరుగెత్తితిమో, తారస్థాయిలో ఎక్కడ తడబడితిమో తేటతెల్లమగును.

అభ్యాసమునకు మొదటి యాధారము శ్రుతి. మంచి తంబురను కొనుట, దానిని మేళవించుట అందరికి సాధ్యము కాదు. 1970ల చివర బెంగుళూరునకు చెందిన ఇంజనీరు, వేణుగాన విద్వాంసుడు జి. రాజ్ నారాయణ్ ఎలక్ట్రానిక్ తంబురను రూపొందించిరి. నేడు ఫోనులోనే తంబుర యాప్ ఉన్నది. ఆడపిల్లలకు సాధారణముగా ఐదు, ఐదున్నర శ్రుతి అమరును. అయినను శ్రుతిని నిర్ణయించునది గురువు కావలెను. లేనిచో పిల్ల సినిమా పాట శ్రుతికి గొంతు నెత్తి అలసిపోవును.

ఇక ఎదురెదురుగా చూచుకొనుచు నేర్చు వీడియో పాఠములు. అమెరికాలోని తెలుగు పిల్లలు ఈ పద్ధతిని స్వదేశములోని గురువుల వద్ద ఏండ్ల తరబడి నేర్చుచున్నారు. 2020 మార్చిలో దేశమంతట లాక్‌డౌన్ విధింపబడినప్పుడు ఇచ్చటి ఉపాధ్యాయులెందరో ఇదే మార్గము పట్టిరి. సముద్రముల కావల సాధ్యమైనది పెన్‌పహాడ్‌లో ఏల సాధ్యము కాదు? అయితే రెండు చిక్కులు తెలిసియుండవలెను.

మొదటిది జాగు. సెకనులో 30వ వంతు ఆలస్యమైనను ఇద్దరు కలిసి పాడుట కష్టము. వీడియో పాఠమున అంతకు మించిన ఆలస్యము సాధారణము. మాటలలో అది తెలియదు, తాళమున తెలియును. కనుక గురువు పాడి ఆగిన పిమ్మటనే శిష్యురాలు పాడవలెను. తాళము ఆమెయే వేసికొనవలెను. రెండవది, మాటలు స్పష్టముగా వినిపించుటకై ఎడతెగని మ్రోతను తొలగించు ఏర్పాటు ఈ యాప్‌లలో కలదు. ఫ్యాను హోరును మింగు నా యేర్పాటు తంబుర నాదమునుగూడ మింగును. పాఠమునకు ముందు దానిని ఆపవలెను.

స్వరము సరిగా పడినదో లేదో గీతగా చూపు యాప్‌లును ఉన్నవి. సరళీ వరుసలకు అవి కొంత సాయపడును. గమకము వచ్చినచోట మాత్రము వాని తీర్పు నమ్మరాదు. తోడి గాంధారము కదలికలోనే జీవించును. ఆ కదలికను యంత్రము తప్పుగా లెక్కించును. మెట్ల నడుమ గమకము పలుకదనుట హార్మోనియముపై వచ్చిన ఆక్షేపణలలో నొకటి. ఆలిండియా రేడియో ఆ వాద్యమును 1940లో నిషేధించి, 1971లో గాని ఆ నిషేధమును సడలింపలేదు. నేటి ఎలక్ట్రానిక్ కీబోర్డుతో నేర్చు పిల్లకును ఆ చిక్కే యెదురగును.

కావున గ్రామములలోని తలిదండ్రులకు ఒక క్రమమును సూచించుచున్నాను. ఉదయము పది నిమిషములు శ్రుతితో షడ్జ పంచమములు నిలుపుట. పిదప ఒక వరుసను మూడు కాలములలో పాడి రికార్డు చేయుట. దానిని విని, మరల పాడి, రెండవదానిని గురువునకు పంపుట. నెలకొకసారియైన పిల్లను గురువు ఎదుట కూర్చుండబెట్టుట. నోరు తెరచు తీరు, ఊపిరి పట్టు తీరు గురువు ప్రక్కనుండి చూచిననే దిద్దగలడు.

ఇంటిలో ఫోను ఒక్కటే యైనచో, ఉదయము అరగంట దానిని ఆ పిల్లకు విడువుడు. ఆ వేళ వచ్చు పిలుపులు కొంతసేపు ఆగినను నష్టము లేదు.